కారు స్పార్క్ ప్లగ్గు వదులైందా, దెబ్బతిందా: ఎలా గుర్తించాలి, ఎలా సరిగా బిగించాలి

ఒక వర్క్‌షాపులో ప్లగ్గులు మార్పించుకున్న రెండు వారాలకు, సూర్యాపేట దాటి విజయవాడ వైపు వెళ్తుండగా, మా కారు బానెట్ కింద నుంచి సన్నగా ‘టప్ టప్’ మనే శబ్దం మొదలైంది. యాక్సిలరేటర్ నొక్కితే ఆ శబ్దం వేగం పెరిగేది, వదిలితే తగ్గేది. కోదాడలో ఆపి, ఇంజిన్ చల్లారేదాకా కూర్చుని, మూడో సిలిండర్ మీద ప్లగ్గుకు అధిక వోల్టేజీ ఇచ్చే కాయిల్‌ను తీసి సాకెట్ దించితే, దాన్ని తిప్పే రాట్చెట్ పిడి తగిలించే పని లేకుండా వట్టి వేళ్లతోనే ప్లగ్గు తిరిగింది. బయటికి తీసి చూస్తే లోపలి పింగాణీ మొన సున్నంలా తెల్లబడి, పక్క ఎలక్ట్రోడ్ అంచు కరగడం మొదలైంది. కొత్త ప్లగ్గు రెండు వారాల్లో అలా కావడానికి కారణం ప్లగ్గులో లేదు, దాన్ని బిగించిన తీరులో ఉంది. ఆ రోజు నుంచి ఈ పని నేనే చేసుకుంటున్నాను. ఓపిక ఉంటే మీరూ చేసుకోగలరు. చేసుకోకపోయినా, మెకానిక్ చేస్తున్నప్పుడు ఏం చూడాలో తెలిసి ఉండటం మీకు అవసరం.

ఇక్కడ చెప్పేదంతా పెట్రోలు, సీఎన్‌జీ, ఎల్పీజీ కార్లకు వర్తిస్తుంది. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గులు ఉండవు. అక్కడ ఉండే గ్లో ప్లగ్గుల పని వేరు.

బిగింపు ఎందుకంత ముఖ్యం

ప్లగ్గు పని నిప్పురవ్వ పుట్టించడం ఒక్కటే అనుకుంటాం. నిజానికి అది సిలిండర్ హెడ్డులోని రంధ్రాన్ని గాలి చొరకుండా మూసే బిరడా కూడా. మంట పక్కనే ఉంటూ, తనకు తగిలే వేడిలో చాలా భాగాన్ని తన మరచుట్ల ద్వారా, అంటే థ్రెడ్ ద్వారా, వాషరు కూర్చునే అంచు ద్వారా హెడ్డులోకి పంపుతుంది. అక్కడి నుంచి ఆ వేడిని కూలెంట్ లాక్కుంటుంది. ప్లగ్గు మొన దాదాపు 450–500 డిగ్రీల సెల్సియస్ దాటితేనే తన మీద పేరుకున్న మసిని తానే కాల్చుకోగలదు. అదే మొన 850 డిగ్రీలు మించి 950 దరిదాపులకు చేరితే, రవ్వ రావలసిన సమయానికి ముందే పెట్రోలు మిశ్రమాన్ని అంటించేస్తుంది. దీన్ని ప్రీ-ఇగ్నిషన్ అంటారు. పిస్టన్ తల కరిగి చిల్లు పడేంత నష్టం దీనివల్ల జరగవచ్చు.

ప్లగ్గు వదులుగా ఉంటే వేడి దిగే దారి మూసుకుపోతుంది, మండే వాయువులు మాత్రం పైకి తన్నుకొస్తాయి. ఆ వాయువులు ప్లగ్గు తలను కప్పే రబ్బరు తొడుగును, అంటే బూటును, కాయిల్‌ను కాలుస్తాయి. అదురుకు ప్లగ్గు ఊగి ఊగి హెడ్డులోని అల్యూమినియం థ్రెడ్‌ను అరగదీస్తుంది. చివరికి ప్లగ్గు ఎగిరి బయటపడే స్థితి కూడా వస్తుంది. 1990ల చివర, 2000ల మొదట అమెరికాలో అమ్మిన ఫోర్డ్ ట్రైటన్ ఇంజిన్లలో కొన్నిటికి ఈ విషయంలో పెద్ద అపఖ్యాతి ఉంది: హెడ్డులో ప్లగ్గును పట్టుకునే మరచుట్లు చాలా తక్కువగా ఉండటం వల్ల ప్లగ్గులు ఎగిరిపోయేవి. అమెరికాలో ఉంటూ ఆ కాలపు ఫోర్డ్ ట్రక్కును సెకండ్ హ్యాండ్‌లో కొనబోయే మనవాళ్లు దీన్ని ప్రత్యేకంగా చూపించుకోవాలి.

అలాగని ‘ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది’ అనుకోవడమూ తప్పే. అతిగా బిగిస్తే ప్లగ్గు లోహపు ఒళ్లు సాగుతుంది, పింగాణీకీ లోహానికీ మధ్య ఉన్న అతుకు సడలుతుంది, మెత్తని అల్యూమినియం థ్రెడ్ ఊడి వస్తుంది. నా దృష్టిలో వదులు ప్లగ్గు కంటే ఇదే ఎక్కువ ఖరీదైన పొరపాటు, ఎందుకంటే వదులు ప్లగ్గు ముందే శబ్దం చేసి చెబుతుంది, పోయిన థ్రెడ్ మాత్రం ప్లగ్గు తీసిన రోజునే బయటపడుతుంది.

ముందుగా లక్షణాలు గమనించండి

ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు లయ తప్పి అదురుతుంటే, ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ లేక కుదుపులు వస్తుంటే, మైలేజీ పడిపోతే, ఉదయం పూట సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టవలసి వస్తే ప్లగ్గులను అనుమానించవచ్చు. వీటినే మనం ‘మిస్సింగ్ కొడుతోంది’ అంటాం. అయితే మిస్సింగ్‌కు కాయిల్, ఇంజెక్టర్, వాల్వు వంటి కారణాలు వేరేవీ ఉంటాయి. ప్లగ్గు వదులైనప్పుడు ప్రత్యేకంగా వినిపించేది, ఇంజిన్ వేగంతో పాటు పెరిగే ‘టప్ టప్’ లేదా ‘చఫ్ చఫ్’ శబ్దం. చల్లటి ఇంజిన్‌లో ఇది ఎక్కువగా ఉండి, వేడెక్కాక కొంత తగ్గవచ్చు. బానెట్ ఎత్తితే కాలిన వాసన కూడా తగలవచ్చు.

డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతుంటే వీలైనంత త్వరలో చూపించుకోవాలి. అదే లైటు మిణుకుమిణుకుమంటూ ఆరి వెలుగుతుంటే మాత్రం కారు పక్కకు తీసి ఆపేయండి. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి వెళ్లి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతోందని దాని అర్థం. ఒక ప్లగ్గు ధరతో పోయేదానికి కన్వర్టర్ ధర చెల్లించుకోవలసి వస్తుంది.

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకు, అంటే కారు కంప్యూటర్ లోపాలను చదివే సాకెట్‌కు, చిన్న స్కానర్ తగిలిస్తే కోడ్ చూపిస్తుంది. పి0300 అంటే ఒకే సిలిండర్ అని కాకుండా వేర్వేరు సిలిండర్లలో మిస్సింగ్ అవుతోందని. పి0301 అంటే ఒకటో సిలిండర్, పి0303 అంటే మూడో సిలిండర్ అని. పి0303 వచ్చిందనుకోండి, ఇంజిన్ ఆపి చల్లారాక మూడో కాయిల్‌ను రెండో దానికి, రెండో దాన్ని మూడుకు మార్చి, కోడ్ చెరిపి మళ్లీ నడపండి. కోడ్ పి0302గా మారితే లోపం కాయిల్‌లో ఉంది. మారకపోతే ఈసారి ప్లగ్గులను అలాగే మార్చి చూడండి. అప్పుడూ మారకపోతే ఇంజెక్టర్, కంప్రెషన్ వైపు వెళ్లాలి. ఇక ప్లగ్గుల మీద డబ్బు పెట్టవద్దు.

ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూసే పాత అలవాటు ఇంకా కొందరు మెకానిక్‌లకు ఉంది. పాత మారుతి 800లో డిస్ట్రిబ్యూటర్, పొడవాటి వైర్లు ఉన్న రోజుల్లో అది సాగింది. ఆ వైర్లలోనూ, ఇప్పటి కాయిళ్లలోనూ ఉండేది వేల వోల్టులు. 20 వేలు దాటడం మామూలే. అలా పీకనివ్వకండి. చెయ్యి షాక్ తింటుంది, కాయిల్ కాలుతుంది, కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోతుంది.

ప్లగ్గు తీయడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. రాత్రి ఆపి ఉదయాన మొదలుపెట్టడం అన్నిటికంటే మంచిది. వేడి మీద ఉన్న అల్యూమినియం హెడ్డులో నుంచి ప్లగ్గు తిప్పితే థ్రెడ్ దానితోపాటే రావచ్చు. తాళం తీసి పక్కన పెట్టండి. కాయిల్‌కు ఉన్న కనెక్టర్ లాకు వేడికి పెళుసుబారి ఉంటుంది కాబట్టి మెల్లగా నొక్కి వదిలించండి. బోల్టు విప్పి, కాయిల్‌ను కొద్దిగా అటూ ఇటూ తిప్పి, నిటారుగా పైకి లాగండి. వైర్లు ఉన్న కారైతే వైరును కాక బూటును పట్టి లాగాలి.

ఇప్పుడు తొందరపడకండి. ప్లగ్గు కూర్చునే గుంతలో దుమ్ము, ఇసుక ఉంటాయి. ప్లగ్గు తీయగానే అవి సిలిండర్‌లోకి జారతాయి. టైర్ల షాపులో ఉండే గాలి గొట్టంతో గానీ, ఇంట్లో చేతి పంపుతో గానీ ముందు గుంతను ఊదండి. గుంతలో ఆయిల్ నిలిచి ఉంటే అది ప్లగ్గు తప్పు కాదు, పైనున్న వాల్వు కవరు గ్యాస్కెట్ లేదా ప్లగ్గు గొట్టం సీలు కారుతోందని అర్థం. దాన్ని మార్చకుండా కొత్త ప్లగ్గు వేయడం వృథా. నీళ్లుంటే, ఇంజిన్‌ను వాటర్ వాష్ చేయించిన సంగతి గుర్తుచేసుకోండి.

లోపల రబ్బరు గానీ అయస్కాంతం గానీ ఉన్న ప్లగ్గు సాకెట్‌నే వాడండి. చాలా కార్లకు 16 మిల్లీమీటర్ల సాకెట్, కొన్ని కొత్త ఇంజిన్లకు 14 మిల్లీమీటర్లది పడుతుంది. సాకెట్ ఒరగకుండా నిటారుగా ఉంచి తిప్పండి. కాస్త ఒరిగినా పింగాణీలో కంటికి కనబడని పగులు పడవచ్చు. ప్లగ్గు మొదట్లో ఎంత బలం తీసుకుందో గమనించండి, ఎందుకంటే వదులుగా ఉందా లేదా అన్నది తేలేది ఆ మొదటి కదలికలోనే. కొద్దిగా తిరిగి బిగుసుకుపోతే బలవంతం చేయకుండా తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి, అరగంట ఆగి, కాస్త లోపలికి, కాస్త బయటికి తిప్పుతూ రావాలి.

తీసిన ప్లగ్గులను ఏ సిలిండర్‌వి ఆ వరసలోనే ఒక అట్టముక్క మీద పెట్టండి. మరో మాట: 2003లో మన దేశానికి వచ్చిన హోండా సిటీ ఐ-డీఎస్ఐ ఇంజిన్‌లో సిలిండర్‌కు రెండు చొప్పున 8 ప్లగ్గులు ఉంటాయి. ఆ పాత కారు మీ దగ్గరుంటే, పైకి కనబడే నాలుగు మార్చి, అవతలి నాలుగింటిని వదిలేయకుండా చూసుకోండి.

ప్లగ్గు చెప్పే సంగతులు

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. కాలిన ప్లగ్గు మొనను వెలుతురులో పెట్టి చూస్తే ఇంజిన్ లోపలి సంగతులు చాలావరకు తెలిసిపోతాయి.

లేత గోధుమ రంగు లేదా బూడిద రంగు ఉంటే సిలిండర్ ఆరోగ్యంగా ఉంది. పొడి మసి నల్లగా పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోందని, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందని, లేదా కారు రోజూ ఒకటి రెండు కిలోమీటర్లకు మించి తిరగక ప్లగ్గు వేడెక్కడమే లేదని అర్థం. తడిగా, జిడ్డుగా నలుపు ఉంటే ఇంజిన్ ఆయిల్ లోపలికి వస్తోంది. రింగులో వాల్వు సీళ్లో చూపించాలి. మొన తెల్లబడి, బొబ్బలెక్కినట్టు ఉండి, ఎలక్ట్రోడ్ కరిగి ఉంటే అతి వేడి తగిలింది. దానికి కారణాలు మూడు నాలుగు ఉండవచ్చు: ప్లగ్గు వదులుగా ఉండటం, పెట్రోలు చాలకపోవడం, కూలింగ్ సరిలేకపోవడం, ఆ ఇంజిన్‌కు తగని హీట్ రేంజ్ (వేడిని హెడ్డులోకి ఎంత త్వరగా దించగలదన్న కొలత) ఉన్న ప్లగ్గు వేయడం.

వీటిలో వదులు ప్లగ్గును వేరుచేసి చెప్పే గుర్తు వాషరు దగ్గర ఉంటుంది. సరిగా బిగిసిన వాషరు చుట్టూ ఒకే రీతిగా నలిగి, శుభ్రంగా మెరుస్తుంది. వదులైనదాని వాషరు నలగకుండా గుండ్రంగానే ఉండి, దాని మీదా, పై థ్రెడ్ మీదా మసి చారలు కనిపిస్తాయి. వాయువు అక్కడి నుంచి తప్పించుకున్న దారి అది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. తెల్లటి పింగాణీ లోహపు ఒంటిలోకి దిగే చోట, సరిగ్గా ఆ అంచుకు పైన, గోధుమ రంగు మరక చుట్టులాగా కనిపిస్తే అది లీకు కాదు. అధిక వోల్టేజీకి గాలిలోని ఆయిల్ కణాలు అక్కడ అంటుకోవడం వల్ల వచ్చేది. దాన్ని కరోనా మరక అంటారు, దానివల్ల నష్టం లేదు. దానికి భిన్నంగా, పింగాణీ మీద పై నుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్ల గీత ఉంటే కరెంటు మొనకు వెళ్లకుండా పక్క దారిన లోహానికి దూకుతోంది. అలాంటప్పుడు ప్లగ్గు ఒక్కటే మార్చి బూటును వదిలేస్తే, పాత బూటులో పడిన అదే గీత కొత్త ప్లగ్గును కూడా పాడుచేస్తుంది. రెండూ మార్చాలి.

పింగాణీని వేలితో తిప్పితే కదిలినా, గోటితో మీటితే పగులు తగిలినా ఆ ప్లగ్గు పనికిరాదు. కొన్ని ప్లగ్గుల తల మీది చిన్న టోపీ మరతో బిగించేదై ఉంటుంది. అది వదులైనా మిస్సింగ్ వస్తుంది, దాన్ని కటింగ్ ప్లయర్‌తో మెల్లగా బిగిస్తే సరిపోతుంది. కిందపడిన ప్లగ్గును, బయటికి బాగున్నట్టే కనిపించినా, వాడకండి.

కొత్తది బిగించడం

మీ కారు మాన్యువల్‌లో రాసిన నంబరు ప్లగ్గునే కొనండి. ఎన్‌జీకే ప్లగ్గుల్లో హీట్ రేంజ్ అంకె పెరిగే కొద్దీ ప్లగ్గు చల్లగా ఉంటుంది, బాష్‌లో అంకె పెరిగితే వేడిగా ఉంటుంది. అందుకని ఒక కంపెనీ అంకెను చూసి ఇంకో కంపెనీ ప్లగ్గు ఎంచుకోకూడదు. నకిలీ ప్లగ్గులు బజారులో చాలానే తిరుగుతున్నాయి. నమ్మకమైన షాపులో బిల్లుతో కొని, థ్రెడ్ నునుపుగా ఉందో లేదో, అక్షరాలు స్పష్టంగా అచ్చయ్యాయో లేదో చూసుకోండి.

మధ్య మొనకూ పక్క ఎలక్ట్రోడ్‌కూ మధ్య ఉండే ఖాళీని, అంటే గ్యాప్‌ను, సన్నని రేకులుండే ఫీలర్ గేజ్‌తో కొలవండి. చాలా కార్లకు ఇది 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఖచ్చితమైన కొలత మాన్యువల్‌లో ఉంటుంది. ఇరిడియం ప్లగ్గు మధ్య మొన 0.4–0.6 మిల్లీమీటర్ల సన్నని తీగ కాబట్టి దానిని ఊతగా పెట్టి వంచడం, ఎమరీ కాగితంతో రుద్దడం, వైరు బ్రష్‌తో తోమడం చేయకూడదు. కొలత తేడాగా ఉంటే ఆ ప్లగ్గును షాపుకు తిరిగి ఇచ్చేయడమే మేలు.

మొదటి చుట్లు ఎప్పుడూ చేత్తోనే తిప్పాలి. రాట్చెట్ లేకుండా సాకెట్, ఎక్స్‌టెన్షన్ మాత్రమే పట్టుకుని తిప్పవచ్చు. అంతకంటే నాకు నమ్మకమైనది, ప్లగ్గు తలకు సరిపోయే రబ్బరు గొట్టం ముక్క. థ్రెడ్ వంకరగా పట్టిందంటే గొట్టం జారిపోతుంది తప్ప హెడ్డు పాడవదు. ముందుగా ఎడమకు కొద్దిగా తిప్పి, చుట్టు చుట్టులో పడిన చిన్న కుదుపు తెలిశాక కుడికి తిప్పండి. చేత్తో చివరిదాకా సాఫీగా వెళ్లకపోతే తీసి మళ్లీ మొదలుపెట్టండి. ఆ దశలో పానా తగిలించడం హెడ్డును చేజేతులా పాడుచేసుకోవడమే.

చేతి బిగింపు అయ్యాక, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ వాడండి. మాన్యువల్‌లో అంకె దొరకకపోతే, అల్యూమినియం హెడ్డులో వాషరు ఉన్న 14 మిల్లీమీటర్ల థ్రెడ్ ప్లగ్గుకు సాధారణంగా 25–30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్లదానికి 15–20, 10 మిల్లీమీటర్లదానికి 10–12 సరిపోతాయి. టార్క్ రెంచ్ లేకపోతే కోణం లెక్క ఉంది: వాషరు ఆనిన తరువాత, కొత్త 14 మిల్లీమీటర్ల ప్లగ్గును ఇంకో అరచుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు వరకు తిప్పాలి. పాత ప్లగ్గునే తిరిగి వేస్తుంటే వాషరు ముందే నలిగి ఉంటుంది కాబట్టి పన్నెండో వంతు చుట్టు, అంటే గడియారంలో ఒక్క గంట దూరం, చాలు. వాషరు లేకుండా కోసుగా ఉండే ప్లగ్గుకు పదహారో వంతు చుట్టు మాత్రమే. కొన్ని ప్లగ్గుల వాషరు వేరే రకంగా ఉంటుంది. ప్లగ్గు పెట్టె మీద కోణం బొమ్మ ముద్రించి ఉంటే దాన్నే అనుసరించండి.

థ్రెడ్‌కు గ్రీజు గానీ, మరలు పట్టేయకుండా రాసే యాంటీ-సీజ్ లేపనం గానీ పూయవద్దు. ఇప్పటి ప్లగ్గుల థ్రెడ్‌కు తుప్పు పట్టని పూత ముందే ఉంటుంది. గ్రీజు రాస్తే రాపిడి తగ్గి, టార్క్ రెంచ్ సరైన అంకె చూపిస్తున్నా అసలు బిగింపు హద్దు దాటిపోతుంది. బూటు లోపలి అంచుకు, కరెంటు ప్రవహించనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు పలచగా రాస్తే మాత్రం మంచిది, రబ్బరు పింగాణీకి అతుక్కోదు. కాయిల్‌ను చివరిదాకా నొక్కి, దాని బోల్టు కూడా తప్పకుండా బిగించండి.

థ్రెడ్ పోయి ఉంటే

ప్లగ్గుతో పాటు అల్యూమినియం పొట్టు చుట్టలుగా వస్తే, లేదా ఎంత తిప్పినా బిగింపు పట్టకపోతే, అక్కడితో ఆపండి. ఇంకాస్త పెద్ద ప్లగ్గు దూర్చడం, థ్రెడ్‌కు టేపు చుట్టడం, ఎం-సీల్ పెట్టడం వంటివి ఎవరు చెప్పినా వినకండి. హెలికాయిల్ (స్ప్రింగు లాంటి తీగ చుట్ట) గానీ లోహపు బుష్ గానీ వేసి కొత్త థ్రెడ్ కట్టే పని తెలిసినవారి దగ్గరకు తీసుకెళ్లండి. వాళ్లు కోసేటప్పుడు రాలే పొట్టు సిలిండర్‌లోకి పడకుండా థ్రెడ్ కోసే పనిముట్టు ట్యాప్‌కు గ్రీజు పూస్తున్నారా, పని అయ్యాక లోపల శుభ్రం చేస్తున్నారా అన్నది దగ్గరుండి చూడండి.

మళ్లీ ఈ బాధ రాకుండా

మామూలు నికెల్ ప్లగ్గులు చాలా కార్లలో 20 నుంచి 40 వేల కిలోమీటర్ల మధ్య, ఇరిడియం, ప్లాటినం ప్లగ్గులు 80 వేల నుంచి లక్ష దాకా వస్తాయి. సీఎన్‌జీ మీద తిరిగే కార్లలో రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, అందుకని గ్యాప్ కాస్త పెరిగినా మిస్సింగ్ మొదలవుతుంది. ట్యాక్సీ తిప్పేవారు ప్లగ్గులను మాన్యువల్ చెప్పిన గడువు కంటే ముందే తీసి చూసుకోవడం మంచిది. సీఎన్‌జీ కిట్ తరువాత పెట్టించుకున్నవారు గ్యాప్ ఎంత ఉండాలో కిట్ బిగించినవారిని అడిగి రాసుకోండి.

ప్రతి సర్వీసులో ప్లగ్గులను ‘ఒకసారి బిగించి చూద్దాం’ అని తిప్పనివ్వకండి. సరిగా బిగిసినదాన్ని తిప్పిన ప్రతిసారీ వాషరు ఇంకాస్త నలుగుతుంది, థ్రెడ్ ఇంకాస్త సాగుతుంది. ఇంజిన్ గదిలోకి ఒత్తిడి నీళ్లు కొట్టించవద్దు. వానాకాలంలో నీటిలో నడిపితే, కాయిళ్ల గుంతలు ఆరాయో లేదో చూసుకోండి. ఎక్కువ రోజులు కదపని కారులో ఎలుకలు కాయిల్ వైర్లు కొరికి ఉండవచ్చు, ఆ మిస్సింగ్‌ను ప్లగ్గు మీద వేసి కొత్తవి కొనకండి.

పని ముగిశాక ఇంజిన్ స్టార్ట్ చేసి, ఐడిల్‌లో రెండు నిమిషాలు చెవి పెట్టి వినండి, కోడ్‌లు చెరిపేయండి, కిలోమీటర్ల అంకె, ప్లగ్గు నంబరు, వాడిన టార్క్ ఒక పుస్తకంలో రాసుకోండి. వంద కిలోమీటర్లు తిరిగాక ఒక ఉదయం, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, కాయిళ్లు ఎత్తి టార్చి వేసి చూడండి. గుంత పొడిగా ఉండి, పింగాణీ చుట్టూ మసి చారలు లేకపోతే, ప్లగ్గును ముట్టుకోకుండానే కాయిళ్లు తిరిగి పెట్టి బానెట్ దించేయండి.